పొలవాస నుంచి జోడేఘాట్ దాకా: మనిషి రంది, ఊరి లడాయి

సమ్మక్క ఎవరని బడిలో అడిగితే పిల్లలు సాధారణంగా రెండు రకాల జవాబులు చెబుతారు. కొందరు "దేవత" అంటారు. కొందరు "కాకతీయులతో యుద్ధం చేసింది" అంటారు. రెండూ తప్పు కాదు. కానీ ఆమె ఎందుకు యుద్ధానికి దిగింది, దిగేముందు ఆమె మనసులో ఏం జరిగి ఉంటుంది అని అడిగితే తరగతి గది నిశ్శబ్దమైపోతుంది. కొమురం భీము విషయంలోనూ అంతే. నిజాం మీద తిరగబడ్డాడు, జోడేఘాట్‌లో చనిపోయాడు. ఇది పరీక్షలో మార్కులు తెచ్చే జవాబు. ఒక మనిషి బతుకు మాత్రం ఇందులో లేదు.

మన చరిత్రను మనమే రాసుకోవాలని అనుకుంటున్న యువతీయువకులు, పిల్లలకు ఆ చరిత్ర చెబుతున్న ఉపాధ్యాయులు ఈ విషయం మీద కొంచెం ఆగి ఆలోచించాలి. కథలో ముఖ్యుడైన మనిషి లోపల ఒక పోరు ఉంటుంది. బయట ఊరిది, రాజ్యానిది ఇంకో పోరు ఉంటుంది. ఈ రెండింటికీ ఉన్న సంబంధం తెలియకపోతే మన కథ మన చేతిలో నిలవదు. దాన్ని గెలిచినవాడు ఒక రకంగా చెబుతాడు, సినిమావాడు ఇంకో రకంగా చెబుతాడు.

తెలంగాణ పల్లెల్లో "రంది" అనే మంచి మాట ఉంది. మనిషిని లోలోపల తినేసేది, నిద్ర పట్టనియ్యనిది, ఎవరికీ చెప్పుకోలేనిది రంది. ఇంకో మాట "లడాయి". అది నలుగురి మధ్య, అందరూ చూస్తుండగా జరిగేది. కథ చెప్పేవాడి పనంతా ఈ రందికీ ఆ లడాయికీ ముడివేయడమే.

శాసనంలో పొలవాస

మొదట మనకు దగ్గరి కథనే తీసుకుందాం. జగిత్యాల పక్కనున్న పొలాస ఒకప్పటి పొలవాస. మన బోయినపల్లి నుంచి ఒక పూటలో పోయి రాగల దూరం. పన్నెండవ శతాబ్దంలో అక్కడ పొలవాస ప్రభువులు ఏలారు. వారిలో మేడరాజు పేరు ప్రసిద్ధం.

ఈ మేడరాజు ప్రస్తావన హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో ఉంది. కాకతీయ రుద్రదేవుడు 1163లో వేయించిన ఆ శాసనం ఆయన విజయాల జాబితా. దొమ్మరాజును, మేడరాజును, మైళగిదేవుణ్ణి గెలిచిన సంగతి, పొలవాస దేశం చేతికి వచ్చిన సంగతి అందులో ఉన్నాయి. శాసనాన్ని రచించినవాడు అచింతేంద్రుడనే కవి. ఆయన పని రాజు గెలుపును రాతి మీద నిలపడం. ఆ పనిని ఆయన బాగానే చేశాడు.

ఆ శాసనంలో ఉన్నదంతా లడాయే. ఎవరు ఎవరిని కొట్టారు, ఏ దేశం ఎవరి చేతికి పోయింది అన్నదే అక్కడ కనిపిస్తుంది. ఓడిపోయిన మేడరాజు ఎక్కడికి పోయాడు, ఎవరి గడప తొక్కాడు, ఆయనకు నీడనిచ్చినవాళ్ల గతి ఏమైంది అన్నది అందులో ఉండదు. రాజ్యానికి ఆ సంగతులతో పని లేదు.

జనం నోట పొలవాస

అక్కడ ఆగిపోయిన కథ జనం నోట మొదలవుతుంది. పొలవాస మేడరాజు వేటకు పోయినప్పుడు అడవిలో పులుల నడుమ ఒక ఆడపిల్ల దొరికింది. తెచ్చి సమ్మక్క అని పేరు పెట్టి పెంచుకున్నాడు. పెద్దయ్యాక తన మేనల్లుడు, మేడారాన్ని ఏలే పగిడిద్దరాజుకిచ్చి పెళ్లి చేశాడు. వారికి సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టారు. కాకతీయ ప్రభువు పొలవాస మీద దాడి చేస్తే మేడరాజు పారిపోయి మేడారంలో తలదాచుకున్నాడు. పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు. వరుస కరువులతో జనం తిండికే అల్లాడుతుంటే ఆయన కప్పం కట్టలేకపోయాడు. కప్పం ఎగ్గొట్టాడు, పైగా శత్రువుకు ఆశ్రయమిచ్చాడు అని కాకతీయ సైన్యం మేడారం మీదికి వచ్చింది.

ఇది ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథనం. కోయల్లో డోలీలు పడిగె అనే బొమ్మల గుడ్డను విప్పి పాడే కథల్లో పుట్టుక, చుట్టరికాలు వేరే విధంగా వస్తాయి. ఒక్కో వంశానిది ఒక్కో కథనం. ఏది అసలుది అని కొట్లాడుకోవడం కన్నా ఒక్కో కథనం ఏ రందిని దాచిపెట్టుకుందో చూడటం మనకు మేలు.

కాలం లెక్కలో ఇక్కడ ఒక చిక్కుంది. జనం కథలో దాడి చేసింది ప్రతాపరుద్రుడు. ఆయన పాలన 1289 నుంచి 1323 వరకు. శాసనంలోని మేడరాజు అంతకు నూరేళ్లకు పైగా ముందటివాడు. దీన్ని చూపి "ఇదంతా కట్టుకథ" అని కొట్టిపారేసేవాళ్లున్నారు. అది తొందరపాటు. జనం జ్ఞాపకం పంచాంగంలాగా నడవదు. కప్పం అడిగిన రాజులందరినీ కలిపి ఒక్క పేరు కింద గుర్తుపెట్టుకుంటుంది. పారిపోయి వచ్చిన ప్రభువులందరినీ ఒక్క మేడరాజులో నిలుపుకుంటుంది. తేదీ విషయంలో శాసనాన్ని నమ్ముదాం. కానీ ఆ ఓటమి ఓడినవాళ్ల ఇళ్లలో ఎట్లా అనుభవానికి వచ్చిందో శాసనం చెప్పలేదు, పాట చెప్పింది. చరిత్ర రాసేవాడికి రెండూ కావాలి.

ముగ్గురి రంది, ఒకటే లడాయి

ఇప్పుడు ఈ కథలో ముగ్గురు మనుషులను దగ్గరగా చూద్దాం.

పగిడిద్దరాజుది నడుమ నలిగిపోయే స్థితి. పైన ప్రభువు, కింద జనం. ఇంటికి వచ్చి నిలబడినవాడు పిల్లనిచ్చిన మామ. కప్పం కట్టాలంటే కరువులో ఉన్న జనం కడుపు కొట్టాలి. ప్రభువు దయ నిలుపుకోవాలంటే మామను పట్టివ్వాలి. ఏది చేసినా ఒక ధర్మం తప్పుతుంది. ఈ రంది ఆయన మనసులో ఊరికే పుట్టలేదు. కరువు, కప్పం, సామంతరికం అనే బయటి ఏర్పాటే దాన్ని పుట్టించింది. ఆ ఏర్పాటు లేకపోతే మామ అల్లుడింటికి రావడం చుట్టపుచూపు అయ్యేది. అదే ఉండబట్టి రాజద్రోహమైంది.

సమ్మక్కది ఇంకో రకం. ఆమె అడవిలో దొరికిన బిడ్డ, పొలవాసలో పెరిగిన బిడ్డ, మేడారానికి కోడలు. మన ఊళ్లలో ఏ ఆడబిడ్డనైనా అడగండి, "నీది ఏ ఊరు?" అంటే చెప్పడానికి ఒక క్షణం ఆగుతుంది. ఆ ప్రశ్న సమ్మక్కకు మూడింతలు బరువు. పొలవాస పోయింది. మేడారం కూడా పోబోతున్నది. ఆమె యుద్ధానికి దిగడమే ఆ ప్రశ్నకు జవాబు. ఎక్కడి జనం కోసం నిలబడిందో అదే ఆమె ఊరైంది. వెనక నుంచి వచ్చిన బల్లెపు పోటుతో ఆమె చిలకలగుట్ట వైపు నడిచిపోయిందని, వెతికినవాళ్లకు కుంకుమ భరిణె మాత్రమే దొరికిందని చెబుతారు. అడవిలో దొరికిన బిడ్డ అడవిలోనే కలిసింది. కథ మొదలుకూ చివరకూ ఆ ముడి ఎంత గట్టిగా ఉందో చూడండి.

జంపన్నది ఓటమి రంది. తండ్రి పడిపోయాడు, అక్క పడిపోయింది, తాను మిగిలాడు. మిగలడాన్ని భరించలేక సంపెంగవాగులో దూకాడు. ఆ వాగు జంపన్నవాగైంది. ఇక్కడ ఒక మనిషి అవమానం నేల పేరునే మార్చింది. జాతరకు పోయినవాళ్లు ఆ నీళ్లలో మునిగినప్పుడు తెలిసో తెలియకో అతని దుఃఖాన్ని తాకుతున్నారు.

లడాయి ఒక్కటే, రందులు మూడు. ముగ్గురూ ఒకే విధంగా బాధపడి ఉంటే ఒక్కరి కథే మిగిలేది. జాతరలో కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు, చిలకలగుట్ట నుంచి సమ్మక్క వేరువేరు దారుల్లో గద్దెలకు చేరుతారు. ఒక్కొక్కరిది ఒక్కో దారి, ఒక్కొక్కరిది ఒక్కో కథ, కలిసేది మాత్రం ఒక్కచోట. కథను ఎట్లా కట్టాలో మన పెద్దలు జాతరలోనే చూపించి పెట్టారు.

లింగల్‌కు ఎదురైన ప్రశ్న

ఈ విద్య కోయలకొక్కరికే కాదు, గోండులకూ తెలుసు. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ పాడే పహండి కుపార్ లింగల్ కథ దానికి గుర్తు. ఆ కథ ఒక రూపాన్ని నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ సేకరించగా, ఆయన చనిపోయాక 1866లో రిచర్డ్ టెంపుల్ అచ్చువేయించాడు.

ఆ రూపంలో బయటి కథ ఇది: గోండులు గుహలో బందీలై ఉన్నారు, వారిని విడిపించాలి. తప్పించుకున్న నలుగురికి లింగల్ వ్యవసాయం నేర్పాడు, నిప్పు తెచ్చాడు, పెళ్లిళ్లు చేశాడు. వారి భార్యలు అతని మీద లేని నింద మోపారు. ఆ నలుగురే, తాను మేలు చేసినవాళ్లే, అతన్ని చంపేశారు. తిరిగి ప్రాణం వచ్చాక లింగల్ ముందు నిలిచిన ప్రశ్న చిన్నది కాదు. సొంతవాళ్లు ఇంత పని చేశాక గుహలో ఉన్న మిగతావాళ్ల కోసం పోవాలా? అతను పోయాడు. నలుగురు చేసిన ద్రోహానికి జాతి మొత్తాన్ని వదిలెయ్యలేదు.

గుహను మూసిన బండ బయటి అడ్డంకి. మనసు విరగడం లోపలి అడ్డంకి. లోపలి బండను తొలగించుకున్నవాడే బయటి బండ దగ్గరికి పోగలిగాడు. నింద, చావు లేకుండా నేరుగా గుహ దగ్గరికి పోయి విడిపించి ఉంటే లింగల్ బలవంతుడయ్యేవాడు, అంతే. ఈ రంది ఉండబట్టే గురువయ్యాడు.

భీము: రెండుసార్లు ఎదురైన ఒకే ప్రశ్న

ఇక కొమురం భీము. ఈయన పాటలో బతికిన కాలంవాడు కాదు, మన తాతల కాలంవాడు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన "కొమురం భీం" నవల 1983లో వచ్చింది. జగిత్యాల జైత్రయాత్ర జరిగి అప్పటికి అయిదేళ్లు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన కాలం జనానికి ఇంకా పచ్చిగానే ఉంది. కరీంనగర్ రైతు పోరాటాలను కథలుగా రాసిన చెయ్యే గోండు వీరుడి కథ రాయడానికి పూనుకోవడం యాదృచ్ఛికం కాదు. భూమి ప్రశ్న మానేరు ఒడ్డునా ఉంది, జోడేఘాట్ కొండ మీదా ఉంది.

నవలలోనూ జనం చెప్పుకునే చరిత్రలోనూ భీము బతుకు ఇట్లా నడుస్తుంది. అటవీ అధికారుల దౌర్జన్యంలో తండ్రి పోయాడు. కుటుంబం సర్దాపూర్ వలస పోయింది. సాగుచేసుకున్న పంటను తనదేనని సిద్దిఖ్ అనేవాడు వస్తే, కోపంలో భీము కొట్టిన దెబ్బకు అతను చనిపోయాడు. భీము పారిపోయాడు. చందాలో విఠోబా అనే అచ్చు యంత్రం నడిపే మనిషి దగ్గర చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు పోయి కూలి చేశాడు. ఏళ్లు గడిచాక తిరిగి వచ్చాడు. జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేలను కూడగట్టాడు. 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పుల్లో సహచరులతో పాటు చనిపోయాడు.

ఇందులో లడాయి స్పష్టం. నిజాం సర్కారు అడవిని రిజర్వు చేసుకుంటూ పోయింది. తరతరాల పోడు ఒక్క గీతతో నేరమైపోయింది. పట్టా ఉన్నవాడు బయటి నుంచి వచ్చి దున్నినవాణ్ణి వెళ్లగొట్టాడు. పశువుల మేతకు పన్ను, కట్టెకు పన్ను.

మరి భీము రంది ఏమిటి? సిద్దిఖ్ పడిపోయిన రోజున భీము ముందు ఒక్క దారే ఉంది: ప్రాణం దక్కించుకోవడం. పారిపోయాడు. తాను దక్కాడు, వెనక ఉన్నవాళ్ల సంగతి? ఈ ప్రశ్న చందాలోనూ అస్సాంలోనూ వెంట వచ్చి ఉంటుంది. ఎంత దూరం పోయినా దున్నేవాడిది భూమి కాదు, కోసేవాడిది తోట కాదు అని చూశాక పారిపోవడానికి చోటు లేదని తెలిసి ఉంటుంది.

తిరిగి వచ్చి పన్నెండు గూడేలను నిలబెట్టాక సర్కారు ఒక మెట్టు దిగి, భీముకూ ఆయన బంధువులకూ పట్టాలిస్తామన్నదని, ఆయన ఒప్పుకోలేదని చెబుతారు. గూడేలన్నిటికీ హక్కు కావాలన్నాడు. కథ మలుపు ఇదే. యువకుడిగా ఎదురైన ప్రశ్నే మళ్లీ వచ్చింది: నీ ఒక్కడికి దక్కితే చాలా? మొదటిసారి ఒక్కడే తప్పించుకున్నాడు. రెండోసారి ఒక్కడే తప్పించుకోనన్నాడు. లోపలి రంది తీరిన చోటే లడాయి చివరి అంకంలోకి అడుగుపెట్టింది. సిద్దిఖ్ సంఘటనను, పారిపోవడాన్ని వీరుడికి తగదని కథలోంచి తీసేస్తే ఈ నిరాకరణకు ఉన్న బరువంతా పోతుంది. వీరుడికి మచ్చ లేకుండా రాద్దామనుకునే మన యువకులు ఇది గమనించాలి.

ఆ చావు వృథా పోలేదు. దాని తర్వాతే నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను ఆదివాసుల స్థితి చూడమని నియమించింది. ఆయన నివేదికలు 1945లో అచ్చయ్యాయి. మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండిలో వాచకాలు తయారయ్యాయి, వేలాది ఆదివాసీ రైతులకు పట్టాలు అందాయి. ఈరోజు మన ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే ఆదివాసీ ఉపాధ్యాయులు ఆ వరుసలోనివారే.

రంది మారిస్తే లడాయి మారుతుంది

2022లో వచ్చిన "ఆర్ఆర్ఆర్" సినిమాను మన పిల్లలు అందరూ చూశారు. అది కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పారు కనుక తప్పులు లెక్కపెట్టడం మన పని కాదు. కానీ కథాశిల్పం నేర్చుకోవడానికి అది మంచి ఉదాహరణ. అందులో భీము రంది ఏమిటి? తెల్లదొరలు ఎత్తుకుపోయిన చిన్నపిల్లను తిరిగి తెచ్చుకోవడం. రంది అది కాగానే శత్రువు మారాడు. నిజాం అటవీ, రెవెన్యూ యంత్రాంగం పక్కకు పోయి తెల్లదొర ముందుకు వచ్చాడు. చోటు మారింది, జోడేఘాట్ పోయి ఢిల్లీ వచ్చింది. భూమి, పట్టా, పోడు అనే మాటలకు కథలో చోటు లేకుండా పోయింది. చివర భీము స్నేహితుణ్ణి చదువు అడుగుతాడు. మన పెద్దలు చెప్పే భీము చదువును అడిగి పుచ్చుకోలేదు, పరారీలో ఉంటూ విఠోబా దగ్గర సంపాదించుకున్నాడు.

ఎవరినీ నిందించడానికి ఇది చెప్పడం లేదు. మనిషి లోపలి ప్రశ్నను మార్చినవాడు చరిత్రను మార్చగలడు. అందుకే ఆ ప్రశ్నను మనం జాగ్రత్తగా పట్టుకోవాలి.

మానేరు ఒడ్డున రాయవలసిన కథలు

ఇదంతా పాత కాలపు సంగతి అనుకోవద్దు. బోయినపల్లి మండలం మన్వాడ దగ్గర మానేరు మీద మధ్యమానేరు జలాశయం కట్టారు. 25 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టే జలాశయం. 2016 సెప్టెంబరు వరదలో కట్ట తెగింది, మళ్లీ కట్టారు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్లు నీటి పాలయ్యాయి. జనం పునరావాస కాలనీలకు చేరారు. ఎన్ని ఎకరాలు, ఎంత పరిహారం, ఎన్ని ప్లాట్లు అన్నది దఫ్తర్లలో ఉంది. ఇది మన కాలపు శాసనం. అందులో లడాయి ఉంది, రంది లేదు.

ఆ రంది రాయవలసినవాళ్లు మనమే. ఒక ముసలమ్మ ఉందనుకోండి. పెద్దల సమాధులున్న చెలకను వదలలేదు, మనవడి చదువుకు పరిహారం డబ్బు కావాలి. ఆమె సంతకం పెట్టిన ఆ ఒక్క నిమిషం ఒక నవలకు సరిపోతుంది. వీర్నపల్లి, కోనరావుపేట వైపు తండాల్లో దుబాయికి పోయిన కొడుకు, పోడు పట్టా కోసం తిరిగే తండ్రి ఉంటారు. ఎవరి రంది వారిదే. వెనక ఉన్న లడాయి ఒకటే: నేల ఎవరిది?

ఉపాధ్యాయులు పిల్లలతో కథ రాయించేటప్పుడు మూడు ప్రశ్నలు అడిగించవచ్చు. మొదటిది, ఈ మనిషి దేన్ని వదులుకోలేకపోతున్నాడు? రెండవది, ఆ చిక్కును అతని మీదికి తెచ్చింది ఎవరు, ఏ చట్టం, ఏ కరువు, ఏ అప్పు? మూడవది, అతను చివరకు తీసుకున్న నిర్ణయం వల్ల ఊరికి ఏం జరిగింది? మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే అది వార్త అవుతుంది. రెండవదానికి జవాబు లేకపోతే ఇంటి గొడవ అవుతుంది. మూడవదానికి లేకపోతే ఏడుపు మాత్రమే మిగులుతుంది. మూడూ కుదిరితే చరిత్ర అవుతుంది.

సెలవులకు ఇంటికి పోయే ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఒక పని ఇవ్వండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చుని "అప్పుడు ఏం జరిగింది?" అని అడిగి ఊరుకోవద్దు, "అప్పుడు నీకు ఏం రంది ఉండె?" అని అడగమనండి. మొదటి ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు వస్తుంది. రెండవదానికి చాలాసేపు పడుతుంది. ఓపికగా వినాలి, వారి మాటలోనే, వారి భాషలోనే రాసుకోవాలి.